బోరుకొచ్చిన పాత బొలెరో పికప్: ఇంజిన్ పని చేయించాలా, సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ ఎక్కించాలా?

మామిడితోట_నూజివీడు
అందరికీ నమస్తే. మాది 2011 బొలెరో పికప్, 2523 సీసీ డీఐ ఇంజిన్. సీజన్‌లో మామిడి లోడు, మిగతా రోజుల్లో క్రషర్ కిరాయిలు. పొద్దున్నే స్టార్ట్ అవడానికి ఏడిపిస్తోంది, అయ్యాక కాసేపు తెల్లపొగ. లోడుతో ఎత్తు ఎక్కితే నీలం పొగ. ఆయిల్ క్యాప్ తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నుతోంది. మేస్త్రీ ‘బోరుకొచ్చింది’ (సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోయాయి) అన్నాడు, ఫుల్ ఇంజిన్ పనికి లక్షా 10 వేలు చెప్పాడు. విజయవాడ ఆటోనగర్‌లో యాక్సిడెంట్ బండి ఇంజిన్ 70 వేలకు ఉందట. మా బాబాయేమో పిస్టన్ రింగులు మాత్రం మార్పించి ఈ సీజన్ గడిపేసి అమ్మేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

పాలమూరు_ట్రాన్స్‌పోర్ట్
సెకండ్‌హ్యాండ్ ఇంజినే ఎక్కించు అన్నా. బండి షెడ్డుల పడి ఉంటే కిస్తీలు ఎవలు కడతరు? లేత్ షాపు చుట్టు తిరిగేసరికే సీజన్ ఒడుస్తది. యాక్సిడెంట్ బండిదంటే మొన్నటిదాక నడిచిన ఇంజినే గదా. మా బండ్లకు ఇట్లనే ఎక్కించినం, మంచిగ నడుస్తున్నయి.

లేత్_గుంటూరు
నూజివీడు తమ్ముడూ, ఏదీ తేల్చుకోకముందు హెడ్ (ఇంజిన్ పైమూత) దించి బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) కొలిపించు. పొగ చూసి చెప్పేది సగం మాటే. డీజిల్ చిమ్మే నాజిల్ కారినా తెల్లపొగ వస్తుంది, వాల్వ్ సీల్స్ గట్టిపడినా నీలం పొగ వస్తుంది. టర్బో ఉంటే దాని షాఫ్ట్ ఆట (వదులు) చూడాలి, అక్కడ కూడా ఆయిల్ కాలుతుంది. క్యాప్ దగ్గర తన్నుతోందంటున్నావు కాబట్టి రింగులూ బోరూ పోయుంటాయనే నా అనుమానం. అయినా లోపలి వెడల్పు కొలిచే డయల్ గేజ్ పెట్టి చూడాల్సిందే. ప్రతి సిలిండర్‌లో పైన, మధ్యన, కింద, క్రాంక్ షాఫ్ట్ వెంబడి ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఈ ఇంజిన్ స్టాండర్డ్ బోరు 88.9 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా మూడున్నర అంగుళాలు.

పాలమూరు అన్నా, మీ బండ్లు నడుస్తున్నందుకు సంతోషం. కానీ ఆ ఇంజిన్ లోపల ఎవరు కొలిచారు? హెడ్ విప్పి చూడనిచ్చే వ్యాపారి దొరికితే నేనూ కొనమంటాను.

స్టీరింగ్_శ్రీకాకుళం
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. వేరే ఇంజిన్ ఎక్కిస్తే మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 కింద ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకోవాలి. ఆ ఎక్కించే ఇంజిన్ ఏ బండిదో, ఆ బండి మీద కేసు ఉందో లేదో తేలే కాగితం వ్యాపారి ఇవ్వాలి. ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు నంబరు కలవకపోతే బండి అక్కడే ఆగుతుంది. 70 వేల లెక్కలో ఇదీ కలుపుకోండి.

పాలమూరు_ట్రాన్స్‌పోర్ట్
కాగితాలు లేని ఇంజిన్ నేనూ కొనను. బిల్లు, ఆర్‌సీ నకలు ఉంటేనే బేరం. నేననేది బండి ఆగే దినాల సంగతి.

మామిడితోట_నూజివీడు
నిన్న హెడ్ దించాం. పైన రింగు వెనక్కి మళ్లే చోట గోరు పెడితే మెట్టులా తగులుతోంది. అన్నిటికంటే ఎక్కువ అరిగిన సిలిండర్‌లో పైన 89.21, కింద 88.94 వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ తర్వాత వచ్చే రబ్బరు పైపు కింది వైపు పగిలి ఉంది, లోపలంతా సన్నటి బూడిదరంగు దుమ్ము. బాబాయ్ ఇంకా రింగుల మాటే అంటున్నాడు.

లేత్_గుంటూరు
ఇంజిన్‌ని తినేసింది ఆ పైపే తమ్ముడూ. ఫిల్టర్ ఎంత కొత్తదైనా, దాని తర్వాత పగులుంటే క్రషర్ దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. రింగుకీ బోరుకీ మధ్య అది గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఆ పైపు మార్చకుండా కొత్త ఇంజిన్ ఎక్కించినా మళ్లీ ఇదే కథ.

బాబాయ్ గారికి ఈ లెక్క చూపించు. పైకీ కిందికీ తేడా 0.27. రింగు గ్యాప్ (రింగు రెండు కొసల మధ్య సందు) దానికి 3.14 రెట్లు తెరుచుకుంటుంది, అంటే సుమారు 0.85 మిల్లీమీటర్లు. కింద 0.40 పెట్టి బిగించిన కొత్త రింగు, పైకి వెళ్లేసరికి 1.25 దగ్గర నోరు తెరుస్తుంది. కంప్రెషన్ (గాలి నొక్కుడు) కావాల్సింది సరిగ్గా అక్కడే. అంత గ్యాప్ పెట్టుకుని పొద్దుటి స్టార్టింగ్ ఎలా కుదురుతుంది? పైగా కొత్త రింగు పోయి ఆ మెట్టుకు కొట్టుకుంటే విరుగుతుంది. ఈ బోరుకు రింగులు మాత్రమే వేయడమంటే డబ్బు పారబోయడమే.

89.21 కాబట్టి 0.50 ఓవర్‌సైజ్‌లో, అంటే బోరును స్టాండర్డ్ కంటే అర మిల్లీమీటరు పెంచి కొడితే శుభ్రపడుతుంది, స్లీవ్‌ల (సిలిండర్ లోపల దించే కొత్త గొట్టాల) అవసరం రాదు. పిస్టన్లు ముందు కొని లేత్ వాళ్ల చేతిలో పెట్టు. పిస్టన్‌ని కొలిచాకే బోరు కొట్టాలి. హోనింగ్ (బోరు గోడను రాయితో సాన పట్టడం) అయ్యాక బ్లాక్‌ను డీజిల్‌తో తుడిచి సరిపెట్టనివ్వొద్దు. సబ్బు, వేడినీళ్లు, బ్రష్‌తో రుద్ది కడగాలి. తర్వాత ఆయిల్ రాసి తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడకూడదు. నల్లబడితే మళ్లీ కడగాలి. రాయి పొడి మిగిలిపోతే కొత్త రింగులను అదే అరగదీస్తుంది. క్రాంక్ కూడా కొలిపించు, నాజిల్స్ టెస్ట్ చేయించు.

పాలమూరు_ట్రాన్స్‌పోర్ట్
గ్యాప్ లెక్క సమజైంది, రింగుల ముచ్చట ఇడిసిపెట్టాలె. కానీ ఇంత ఓపికగ కడిగే షెడ్లు ఎన్నున్నయి లేత్ అన్నా? అన్ని చోట్ల తొందరే. పని ఆగమాగం చేస్తే లక్షా 10 వేలు నీళ్లల్ల పోసినట్టే. అందుకే, కాగితాలున్న ఇంజిన్ దొరికితే, హెడ్ ఇప్పి చూడనిస్తే, నా ఓటు ఇంకా దానికే.

లేత్_గుంటూరు
చూడనిస్తే అన్నావు చూడు, అక్కడ మనిద్దరిదీ ఒకే మాట. కాకపోతే నూజివీడు తమ్ముడి బ్లాక్ కళ్లెదురుగా ఉంది, కొలత చేతికొచ్చింది. తెలిసిన దాన్ని వదిలి తెలియని దానికి 70 వేలు పెట్టమని నేను చెప్పలేను. కడిగేటప్పుడు తనే దగ్గర నిలబడాలి, అంతే.

మామిడితోట_నూజివీడు
ఇంజిన్ పనికే వెళ్తున్నాను. రబ్బరు పైపు, క్లిప్పులు ఈరోజే కొన్నాను. బండి బయటికి రాగానే మామిడి లోడు వేయొచ్చా?

లేత్_గుంటూరు
నిండు లోడు వద్దు, సగం లోడు పర్వాలేదు. గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో ఉంచితే కొత్త రింగులు బోరుకు సరిగ్గా కూర్చోవు. రోడ్డు మీద స్పీడు మార్చుకుంటూ నడుపు, ఎత్తుల్లో ఇంజిన్‌ను ముక్కనివ్వకుండా గేరు దించు. మొదటి ఆయిల్, ఫిల్టర్ 500 కిలోమీటర్లకే మార్చెయ్.