తాపియెస్ పెయింటింగ్స్ ఎలా చూడాలి? జీవితం తెలియాలా, అక్కర్లేదా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఆంటోని తాపియెస్ అని బార్సిలోనా ఆర్టిస్ట్ (1923–2012), ఈ మధ్య ఆయన బొమ్మలే చూస్తున్నాను. జువాన్ మీరో, పికాసో లాంటి పెయింటర్లవి అయితే చూడగానే ఏదో ఒకటి పట్టేస్తుంది, ఈయనవి చాలావరకు బూడిద రంగు, మట్టి రంగు, మీద నాలుగు గీతలు, ఒక క్రాస్ గుర్తు, అంతే. అయినా చూపు తిప్పుకోలేకపోతున్నా. ఆయన జీవితం తెలిస్తే ఇవి ఇంకా బాగా అర్థమవుతాయా, లేక అదంతా పక్కన పెట్టి ఊరికే చూడాలా?

జవాబు 1:
ముందు దేనితో చేశాడో చూడండి, జీవితం సంగతి తర్వాత. 1950ల మధ్య నుంచి ఆయన రంగులో పాలరాతి పొడి, ఇసుక, మట్టి కలిపి కాన్వాస్ మీద మందంగా పరిచేవాడు, గోడకి గచ్చు చేసినట్టు. అది ఆరేలోపు గీకడం, పొడవడం, చెయ్యి అద్దడం. అంటే మీరు చెప్పిన ఆ గీతలు పైన వేసినవి కావండి, లోపలికి తవ్వినవి. న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో 'గ్రేట్ పెయింటింగ్' అని 1958 నాటిది ఉంది, దాని ఫోటో పెద్దది దొరికితే జూమ్ చేసి చూడండి, ఇసుక పొర నిండా గుచ్చిన గుంటలు, గీరిన చారలు. స్క్రీన్ మీద ఫ్లాట్‌గా కనబడేదంతా నిజానికి ఎత్తుపల్లాలే, పక్కనుంచి లైట్ పడితేనే తెలుస్తుంది.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే గానీ అది సగమే. 1936లో స్పెయిన్ సివిల్ వార్ మొదలయ్యేసరికి ఆయనకి పన్నెండేళ్లు, బార్సిలోనా మీద బాంబులు పడుతుంటే పెరిగాడు. తర్వాత ఊపిరితిత్తుల జబ్బు చేసి చాలాకాలం మంచానికే పరిమితమయ్యాడు, వాన్ గో, పికాసో బొమ్మలు చూసి కాపీ చేస్తూ చెయ్యి తిప్పుకున్నది అప్పుడే. లా చదువు మధ్యలో వదిలేశాడు. 1948లో కవి జువాన్ బ్రొస్సా లాంటివాళ్లతో కలిసి 'దౌ అల్ సెట్' అనే ఆర్టిస్టులు, రచయితల గ్రూపు పెట్టాడు, అప్పట్లో స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వం, బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు భాష కాటలాన్‌ని అణిచేస్తున్న రోజులు. బార్సిలోనా గోడలు తన జనం పడ్డ బాధకి సాక్షులు అన్న అర్థంలో ఆయనే తర్వాత ఒక వ్యాసంలో రాశాడు, కాబట్టి ఆ గీతల్ని ఉత్త డిజైన్‌గా చూడటం నాకు చేతకాదు. 1966లో ఫ్రాంకోకి వ్యతిరేకంగా విద్యార్థులు ఒక మఠంలో రహస్యంగా మీటింగ్ పెట్టుకుంటే దానికి వెళ్లి అరెస్టయ్యాడు, ఫైన్ కూడా వేశారు. 1971 నాటి 'కాటలాన్ స్పిరిట్' చూడండి, పసుపు మీద నాలుగు ఎర్ర పట్టీలు, కాటలోనియా జెండానే, దాని నిండా స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం లాంటి మాటలు గీకి ఉంటాయి. ఫ్రాంకో బతికుండగానే!

జవాబు 3:
ఒక్క విషయం జోడిస్తాను. ప్రతి గీతనీ రాజకీయం చేసెయ్యకండి. 1958లో వెనిస్ బియనాలే అనే అంతర్జాతీయ ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి స్పెయిన్ తరఫున ఈ అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల్ని పంపింది ఆ ఫ్రాంకో ప్రభుత్వమే, మేం మోడరన్ అని బయటి దేశాలకి చూపించుకోవడానికి, అక్కడ తాపియెస్‌కి ప్రైజులు కూడా వచ్చాయి. బొమ్మలో మాటలు లేకపోతే ఎవరైనా వాడుకోవచ్చన్నమాట. ఆ తర్వాత ఆయన ప్రభుత్వం పెట్టే ఎగ్జిబిషన్లకి దూరంగా ఉన్నాడు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. ఇంకోటి, ఆయనకి జెన్ బౌద్ధం అన్నా తూర్పు దేశాల ఆలోచన అన్నా చాలా ఇష్టం, అందుకే 1970 ప్రాంతంలో గడ్డి, ప్లేట్ల దొంతర, ఆఫీసు టేబుల్ లాంటి మామూలు వస్తువుల్నే కళగా నిలబెట్టాడు. ఎవరూ పట్టించుకోని వస్తువుకి అంత మర్యాద ఇవ్వడం, నా దృష్టిలో ఆయన అసలు పని అదే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ. బార్సిలోనా వెళ్తే ఎక్కడ చూడాలి?

జవాబు 2:
అరగో వీధిలో ఆయన ఫౌండేషన్ మ్యూజియం, 1990లో తెరిచారు. ఒకప్పటి పబ్లిషింగ్ కంపెనీ బిల్డింగ్ అది, ఆర్కిటెక్ట్ డొమెనెక్ ఇ మొంతానెర్ కట్టింది. లోపలికి వెళ్లేముందు రోడ్డు అవతల నిలబడి పైకప్పు చూడండి, తీగల చిక్కుతో చేసిన పెద్ద మేఘం, మధ్యలో ఒక కుర్చీ, అదీ ఆయనదే.