ఏడో తరగతి పిల్లాణ్ణి ట్యాకిల్ ఫుట్‌బాల్‌కి పంపుతున్నారా, ఆపుతున్నారా?

నెల్లూరు_నాన్న:
మేం డాలస్‌కి ఉత్తరం వైపు ఉంటాం. మా వాడు ఆగస్టులో ఏడో తరగతికి వస్తాడు. టెక్సస్‌లో స్కూల్ టీముల్లో ట్యాకిల్ ఫుట్‌బాల్ (బంతి పట్టుకున్నవాణ్ణి ఢీకొట్టి కింద పడేసే అమెరికన్ ఫుట్‌బాల్) మొదలయ్యేది ఏడులోనే కాబట్టి వాడి స్నేహితులంతా పేర్లిచ్చేశారు, వీడూ ఇస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఇప్పటిదాకా ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడాడు. అందులో నడుముకున్న రిబ్బన్ లాగేస్తే ఆట ఆగిపోతుంది, ఎవరూ ఎవర్నీ కింద పడెయ్యరు, మాకూ ఏ టెన్షన్ ఉండేది కాదు. ఇప్పుడు సంతకం పెట్టమని ఇచ్చిన కాగితాల్లో కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) గురించి ఒక పేజీ ఉంది. అది చదివిన దగ్గర్నుంచి మా ఆవిడ వద్దే వద్దంటోంది. నేనింకా ఎటూ తేల్చుకోలేదు. మీ పిల్లల్ని ఆడించినవాళ్లు, ఆపినవాళ్లు ఎవరైనా సరే, ఎందుకో కూడా చెప్పండి.

ఇర్వింగ్_అమ్మ:
మీ ఆవిడ మాటే నా మాట. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో ప్రచురించింది చూడండి. చనిపోయాక కుటుంబాలు దానం చేసిన 202 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 177 మందిలో సీటీఈ ఉంది. డబ్బుకి ఆడే పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడినవాళ్లనే తీసుకుంటే 111 మందిలో 110 మందికి. తలకి మళ్లీ మళ్లీ దెబ్బలు తగిలి మెదడులో టావ్ అనే ప్రొటీన్ పేరుకుపోయే జబ్బు ఇది. మతిమరుపు, పట్టలేని కోపం, డిప్రెషన్ ఎప్పుడో ఏళ్ల తర్వాత బయటపడతాయి, మనిషి బతికుండగా ఫలానా జబ్బని ఖాయంగా తేల్చే పరీక్ష కూడా లేదు. పెద్ద వయసు వాళ్ల సంగతిలే అనుకోవడానికి కూడా లేదండీ. ఫుట్‌బాల్ లాంటి ఢీకొట్టుకునే ఆటలు ఆడి ముప్పై నిండకుండానే చనిపోయిన 152 మంది మెదళ్ల మీద వాళ్లే 2023లో ఇంకో అధ్యయనం వేశారు, 63 మందిలో సీటీఈ కనిపించింది, అందులోనూ ఎక్కువమంది డబ్బుకి ఆడినవాళ్లు కాదు, స్కూళ్లలో కాలేజీల్లో ఆడినవాళ్లే. ఇది చదివాక నేనైతే సంతకం పెట్టలేను.

వరంగల్_ఫ్రిస్కో:
అక్కా, అంకెలన్నీ నిజమే, కాని ఆ మెదళ్లు ఎవరివో కూడా చూడాలి కదా. మనిషిలో ఏదో తేడా వచ్చిందని ముందే అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి, ఆ సంగతి ఆ పరిశోధకులే రాశారు. కాబట్టి ఆడిన ప్రతి వందమందిలో ఇంతమందికి వస్తుందని దాన్నుంచి లెక్క కట్టలేం. అదే పేపర్లో హైస్కూల్ దాకా మాత్రమే ఆడినవాళ్లు 14 మంది ఉంటే ముగ్గురిలోనే కనిపించింది, అదీ తొలి దశలో.

మా పెద్దోడు ఏడు నుంచి పన్నెండు దాకా ఆడాడు. బడిలో ఎవరితోనూ కలవకుండా లంచ్ టైమ్‌లో లైబ్రరీలో కూర్చునే పిల్లాడు, టీమ్‌లో చేరాక శనివారం పొద్దున మా ఇంట్లో ఐదారుగురు పిల్లలు దోసెలు తింటూ ముందురోజు మ్యాచ్ గురించి అరుచుకునేవాళ్లు. అది నాకు చిన్న విషయం కాదు. రూల్స్ కూడా మునుపటిలా లేవు. పూర్తి స్థాయిలో ఢీకొట్టుకునే ప్రాక్టీసు వారానికి 90 నిమిషాలు దాటకూడదని టెక్సస్‌లో 2013 నుంచి నిబంధన. కంకషన్ అని అనుమానం వస్తే పిల్లాణ్ణి వెంటనే బయటికి తియ్యాలి, డాక్టరు రాసిచ్చేదాకా మళ్లీ దించకూడదు, ఆ నిర్ణయం కోచ్ చేతిలో ఉండదు, ఇది 2011 నుంచి చట్టం.

సియాటిల్_గోదావరి:
అన్నా, అలాంటి చట్టాలకి మూలం మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. 2006లో మేపుల్ వ్యాలీలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల పిల్లాడికి మిడిల్ స్కూల్ మ్యాచ్‌లో తల నేలకి కొట్టుకుంది. కాసేపు బయట కూర్చోబెట్టి రెండో సగంలో మళ్లీ దించారు. మ్యాచ్ అయ్యాక కుప్పకూలిపోయాడు, మెదడు వాపు తగ్గించడానికి పుర్రెకి రెండువైపులా ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది, మళ్లీ నడవడానికి ఏళ్లు పట్టింది. 2009లో అతని పేరుతోనే ఇక్కడ చట్టం చేశారు, 2014కల్లా 50 రాష్ట్రాల్లోనూ అలాంటివి వచ్చాయి. మంచి చట్టమే, కాదనను. కాని దెబ్బ తగిలినట్టు ఎవరో ఒకరు గమనిస్తేనే కదా అది పనిచేసేది?

జెర్సీ_54:
నేను కాలేజీ స్టూడెంట్‌ని, హైస్కూల్ అంతా లైన్‌బ్యాకర్‌గా, అంటే ఎదుటివాళ్లని ట్యాకిల్ చేసే డిఫెన్స్‌లో, ఆడాను. ఆ గమనించడం గురించే చెప్తాను ఆంటీ. పిల్లలు చెప్పరు. మా టీమ్‌లో ఒకడు ట్యాకిల్ చేసి లేచాడు, హడల్‌లోకి, అంటే తర్వాతి ప్లే ఏంటో చెప్పుకోవడానికి మా టీమ్ గుమిగూడే చోటికి, రావాల్సినవాడు అవతలి టీమ్ వైపు రెండడుగులు వేశాడు. పక్కవాడు భుజం పట్టుకుని ఇటు తిప్పాడు, తర్వాతి ప్లే ఆడేశారు. వచ్చే వారం మ్యాచ్ పోతుందని వాడు నోరు విప్పలేదు, మేమూ విప్పలేదు, అందరి లెక్క అదే. నాకు ఈ ఆటంటే ప్రాణం, ఆడినందుకు ఏ బాధా లేదు, ఎవరైనా అడిగితే ఆడమనే చెప్తాను. కాని పన్నెండేళ్ల పిల్లాడు "ఐ యామ్ ఫైన్" అంటే మాత్రం అమ్మానాన్నలు అక్కడితో వదిలెయ్యకూడదు. తలనొప్పి అన్నాడా, ఫోన్ వెలుగు చూడలేకపోతున్నాడా, ఊరికే చిరాకు పడుతున్నాడా, అవన్నీ ఇంట్లోనే తెలుస్తాయి.

బందరు_ఫిజియో:
నేను ఇక్కడ పిల్లలకి ఫిజియోథెరపీ చేస్తాను. ఇప్పటిదాకా అందరూ కంకషన్ల గురించే మాట్లాడారు, నాకు అంతకంటే ఎక్కువ భయం కంకషన్ కాని దెబ్బలంటే. కళ్లు తిరగవు, తలనొప్పి రాదు, ఎవరూ బయటికి తియ్యరు, మరుసటి ప్లేలో మళ్లీ ఇంకొకటి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి సెన్సర్లు పెట్టి లెక్కించిన అధ్యయనాన్ని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో బయటపెట్టింది. ఒక సీజన్‌లో ట్యాకిల్ ఆడే పిల్లాడి తలకి తగిలిన దెబ్బలు మధ్యస్థంగా 378, ఫ్లాగ్ ఆడే పిల్లాడికి 8. ఇది దానం చేసిన మెదళ్ల లెక్క కాదు, మైదానంలో బతికున్న పిల్లల లెక్క.

మంచి హెల్మెట్ కొన్నాం కదా అంటారు చాలామంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, అందుకు అది కావాల్సిందే. లోపల మెదడు కదలకుండా మాత్రం ఆపలేదు, బోండాం పైన ఎంత పీచున్నా ఊపితే లోపల నీళ్లు కదలక మానవు. పైగా ఈ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలు ఇంకా గట్టిపడవు. ఏడో తరగతిలో ఒకడికి మీసం వస్తుంటుంది, ఇంకొకడు ఇంకా చిన్నపిల్లాడిలానే ఉంటాడు, ఇద్దరూ ఒకే టీమ్, ఎందుకంటే స్కూల్లో విడదీసేది తరగతిని బట్టే, బరువుని బట్టి కాదు.

ఇంకో అధ్యయనంలో, 2019లో, ఆడిన ఒక్కో ఏడాదికీ సీటీఈ ముప్పు 30 శాతం చొప్పున పెరుగుతున్నట్టు తేలింది. అవీ దానం చేసిన మెదళ్లే, వరంగల్ గారి అభ్యంతరం దీనికీ కొంత వర్తిస్తుంది. కాని ఎన్నేళ్లు ఆడారన్నది ముఖ్యమన్న మాటని మాత్రం పక్కన పెట్టలేం. అందుకే నా మాట, ఆట వద్దని కాదు, రెండేళ్లు ఆగండి. ఇక్కడి సాకర్ (మన ఇండియాలో ఫుట్‌బాల్ అనేది) వాళ్లు పదేళ్లు, ఆ లోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదని 2015లోనే గీత గీశారు. ఐస్ హాకీలో పన్నెండు, ఆ లోపు పిల్లలకి బాడీ చెకింగ్ (ఒంటితో ఎదుటివాణ్ణి ఢీకొట్టడం) 2011లోనే తీసేశారు. ఫుట్‌బాల్‌లో ఆ పని ఎవరూ చెయ్యలేదు. కాలిఫోర్నియాలో పన్నెండేళ్ల లోపు ట్యాకిల్ ఆపాలని బిల్లు వస్తే 2024 జనవరిలో గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టనని చెప్పేశారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2015లో నిషేధం అడగలేదు, ట్యాకిల్ లేని లీగులు పెంచండి, మైదానంలో అథ్లెటిక్ ట్రైనర్లని (దెబ్బ తగిలితే చూసే నిపుణుల్ని) పెట్టండి అంది. అంటే ఈ గీత ఇంట్లోనే గియ్యాలి, మనకోసం ఎవరూ గియ్యరు.

వరంగల్_ఫ్రిస్కో:
ఫిజియో గారూ, 378 అన్న మాట నాకు కొత్త, దాని గురించి ఆలోచిస్తాను. కాని రెండేళ్లు ఆగితే ఏమవుతుందో మైదానం వైపు నుంచి చూడండి. ఏడులో వాళ్లు తల పైకెత్తి భుజంతో ఎలా ఆపాలో, ఎలా పడాలో నేర్చుకుంటారు. తొమ్మిదిలో మొదటిసారి వచ్చే పిల్లాడికి అవేవీ తెలియవు, ఎదురుగా వచ్చేవాడి బరువేమో రెట్టింపు. అది ప్రమాదం కాదా?

బందరు_ఫిజియో:
ప్రమాదమే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. భుజంతో ఆపడం ప్యాడ్లతోనూ బొమ్మలతోనూ నేర్పొచ్చు, అందుకు పిల్లాడి తల ఇంకో పిల్లాడి తలకి తగలక్కర్లేదు. అలా నేర్పే కోచ్ దొరకాలి, అది నిజం.

నెల్లూరు_నాన్న గారూ, ఏ నిర్ణయమైనా ముందు కోచ్‌ని రెండు మూడు విషయాలు అడగండి. ఏడో తరగతి మ్యాచ్‌కి ట్రైనర్ వస్తారా, లేక హైస్కూల్ మ్యాచ్‌లకేనా? గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ మైదానం పక్కనే ఉంటుందా, ఆఫీసులో తాళం వేసి ఉంటుందా? 2023 జనవరి 2న ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లో ఆటగాడు డామర్ హామ్లిన్‌కి ఛాతీకి దెబ్బ తగిలి గుండె ఆగినప్పుడు బతికించింది అక్కడికక్కడ చేసిన సీపీఆర్, ఏఈడీలే. ఇక ఆగస్టు ఎండలో ప్రాక్టీస్ చేయిస్తే ఐసు నీళ్ల తొట్టి ఉందా? వడదెబ్బకి పిల్లాణ్ణి ముందు అందులో ముంచి చల్లబరచాలి, ఆసుపత్రి ఆ తర్వాత.

ఇర్వింగ్_అమ్మ:
ట్రైనర్ ఉంటే మంచిదే, కాని ఆయన దెబ్బ తగిలాక చూస్తాడు. ఆ 378లో ఒక్కటీ తగ్గించలేడు. నా అభిప్రాయం మారలేదు.

నెల్లూరు_నాన్న:
కోచ్‌కి ఈమెయిల్ పెట్టాను, మర్యాదగానే జవాబిచ్చారు. ట్రైనర్ హైస్కూల్ మ్యాచ్‌లకే వస్తారట, ఏడో తరగతి మ్యాచ్‌లప్పుడు ఫోన్‌లో అందుబాటులో ఉంటారట. నేనూ మా ఆవిడా ఈ ఏడాది సంతకం పెట్టకూడదనుకున్నాం. వాడు చాలా బాధపడుతున్నాడు, సరిగ్గా మాట్లాడట్లేదు. తొమ్మిదో తరగతి గురించి వాడికి ఏ మాటా ఇవ్వలేదు, ఇచ్చి తప్పడం నాకిష్టం లేదు.

వరంగల్_ఫ్రిస్కో:
సరే తమ్ముడూ, మీ నిర్ణయం మీది. ఒక్క పని చెయ్యండి, వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకండి. స్కూల్లో క్రాస్ కంట్రీ (దూరం పరుగు) టీమ్ ఉందేమో కనుక్కోండి, చాలా చోట్ల ఆ పిల్లలూ ఫుట్‌బాల్ పిల్లలూ ఒకే పీరియడ్‌లో ఒకే జిమ్‌లో ఉంటారు. ఫ్లాగ్ లీగ్ కూడా మాన్పించకండి, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఆడబోయేది ఫ్లాగ్ ఫుట్‌బాలే అని వాడికి చెప్పండి.