అప్‌డేట్: ఫ్రిస్కో టౌన్‌హోమ్ వదిలేశాం

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో నెలకు 310 డాలర్ల హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుము ఉన్న టౌన్‌హోమ్ కొనవచ్చా అని మూడు వారాల క్రితం అడిగాను. రుసుము సంగతి తరువాత, ముందు సంఘం కాగితాలు చదవమని మీలో చాలామంది చెప్పారు. చదివాను. ఆ ఇల్లు వదిలేశాం.

రీసేల్ సర్టిఫికెట్‌కు, అంటే సంఘం ఆర్థిక వివరాలు కొనేవారికి తెలిపే పత్రానికి, 375 డాలర్లు తీసుకున్నారు. రాష్ట్ర చట్టం అనుమతించే గరిష్ఠ మొత్తం అదే. పెద్ద మరమ్మతుల కోసం దాచే రిజర్వు నిధి 41,000 డాలర్లని అందులో ఉంది. ఉన్నవి 64 ఇళ్లు, కప్పులన్నీ 2007 నాటివి, వాటి బాధ్యత సంఘానిది. వడగళ్లు పడే ఊళ్లో ఆ డబ్బు ఏ మూలకు వస్తుంది? సమావేశం మినిట్స్ మూడో పేజీ అడుగున ఒక్క వాక్యం: "ప్రత్యేక వసూలు అంశం వచ్చే సమావేశానికి వాయిదా." అంటే నెలవారీ రుసుము కాక యజమానుల దగ్గర అదనంగా వసూలు చేసే డబ్బు. అమ్మేవారి ఏజెంటును అడిగితే "అది ఇంకా ఖరారు కాలేదండీ" అన్నారు. నిజమే, ఖరారయ్యేసరికి యజమానులం మేమే అవుతాం కదా!

కారణం చెప్పకుండానే కొనుగోలు రద్దు చేసుకోగల ఆప్షన్ గడువు ఆ రోజు సాయంత్రం అయిదింటికి ముగుస్తుందనగా రెండింటికే రద్దు నోటీసు పంపాం. ఆప్షన్ రుసుము 200, తనిఖీకి 450 పోయాయి. బయానాగా కట్టిన ఎర్నెస్ట్ మనీ మాత్రం వెనక్కి వచ్చింది.

గుమ్మానికి తోరణం కట్టనిస్తారా అన్న మా అత్తగారి సందేహమూ తీరింది. మతపరమైన అలంకరణను హెచ్‌ఓఏ పూర్తిగా నిషేధించడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు.

ఇప్పుడు మెకిన్నీలో ఒకటి చూస్తున్నాం. ఈసారి వంటగది కన్నా ముందు మినిట్స్ అడిగాను. మా ఆవిడ వంటగదే చూసింది.