సమస్య: “ఒక్క యొరను కత్తు లొదిగె రెండు”

ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. ‘కత్తులు + ఒదిగె’ సంధిలో ఉన్న ‘ఒ’కారంతో మొదటి ‘ఒ’కు యతి చెల్లింది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నది సామెత. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు (లినక్స్ రకం) అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ పెట్టడం విషయంగా ఆ సామెతను దాటాలి. పద్యం నడక ఎంత చూస్తామో, చెప్పిన పని సరిగ్గా జరుగుతుందా అన్నదీ అంతే చూస్తాం.

బుచ్చిరెడ్డిపాళెం సభ్యుని పూరణ:

మడిని చీల్చి నడుమ మట్టిగట్టును వేసి
వేరె వేరె పైర్లు వేయు నట్లు
విండొసున కుబుంటు వేరుగా తోడైన
ఒక్క యొరను కత్తు లొదిగె రెండు

నిర్వాహకుడు (నెల్లూరు): గట్టు పోలిక పెన్నా ఆయకట్టు వాళ్ళకు ఇట్టే తడుతుంది. పార్టిషన్‌కు (డిస్కును భాగాలు చేయడానికి) ఇంతకంటే మంచి తెలుగు మాట నాకు తోచడం లేదు. ‘విండొసు’ అని కుదించడం గణం కోసమే కాబట్టి ఒప్పుకుందాం. అయితే గట్టు ఎవరి వైపు నుంచి వేయాలో కూడా తెలియాలి. విండోస్ మడిని విండోసే కుదించాలి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద కుడి నొక్కు నొక్కి, ‘ష్రింక్ వాల్యూమ్’ ఎంచుకోవాలి. 512 జీబీ ఎస్‌ఎస్‌డీలో 100 జీబీ తీసి ఇవ్వాలంటే ఆ గడిలో 102400 అని కొట్టాలి, అక్కడ లెక్క ఎంబీల్లో ఉంటుంది. ఉబుంటు 25 జీబీలో దిగుతుంది గానీ, నాలుగు సాఫ్ట్‌వేర్లు వేసేసరికి ఇరుకైపోతుంది. వచ్చిన ఖాళీని ‘అన్‌ఎలొకేటెడ్’గానే వదిలేయండి, కొత్త డ్రైవ్‌గా ఫార్మాట్ చేయొద్దు.

కావలి సభ్యురాలు: అన్నా, గట్టు వేసే ముందు ఇంకో మాట. బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. బూట్ అమరిక మారగానే అది కీ అడగవచ్చు. కీ లేకపోతే డ్రైవ్ తెరుచుకోదు. నా పూరణ:

అర కునుకును మాని హాయిగా నిద్రించి
త్వరగ లేచు పట్టు వదలి పెట్టి
విండొసు దిగిపోవ వింతేమి యున్నది
ఒక్క యొరను కత్తు లొదిగె రెండు

నిర్వాహకుడు: రెండో పాదంలో ‘త్వ–వ’ సంయుక్తాక్షర యతి, బాగా పడిందమ్మా. ‘అర కునుకు’ అన్నది ఫాస్ట్ స్టార్టప్‌కు సరైన మాట. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పడుకోదు, కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) స్థితిని డిస్కులో దాచుకుంటుంది. అప్పుడు ఉబుంటు నుంచి సీ డ్రైవ్ తెరిస్తే చదవడానికి మాత్రమే వస్తుంది, లేదా అసలు రాదు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్’ (powercfg /h off) అంటే హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ ఆగిపోతాయి. హైబర్నేషన్ ఫైలు కదలని ఫైలు. అది అడ్డుగా కూర్చుని ఉంటే ష్రింక్‌లో అడిగినంత చోటు రాదు. అందుకే ఈ పద్యం పని ముందు, పై పద్యం పని తర్వాత.

ఒంగోలు సభ్యుని పూరణ:

పలక తుడిచి నట్లు పాతది చెరిపేసి
కొత్త దొకటి దింపి కుదుట పరచి
చోద్య మేమి కలదు? చూచినచో నిట్లు
ఒక్క యొరను కత్తు లొదిగె రెండు

నిర్వాహకుడు: గణాలు, యతులు నిర్దుష్టం. పని మాత్రం తప్పు. పలకంతా తుడిచేస్తే రెండో కత్తి ఎక్కడిది? ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో ‘ఎరేస్ డిస్క్’ నొక్కితే జరిగేది అచ్చంగా ఇదే, విండోస్‌తో పాటు ఫైళ్ళూ పోతాయి. మొదటి పాదం ఇలా మార్చండి:

పలక సగము తుడిచి పాతది కదపక

మార్కాపురం పలక పోలిక అలాగే నిలుస్తుంది, విండోసూ నిలుస్తుంది. ‘ఇన్‌స్టాల్ ఎలాంగ్‌సైడ్’ ఎంచుకోండి. చేత్తో విభజించేవాళ్ళు సుమారు 100 ఎంబీ ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్ దగ్గర నిదానించాలి. దాన్ని వాడుకోవాలే గానీ ఫార్మాట్ టిక్కు పెట్టకూడదు. విండోస్ బూట్ ఫైళ్ళు ఉండేది అందులోనే.

ఒంగోలు సభ్యుడు: సవరణకు ధన్యవాదాలు. ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ అసలు కనబడకపోతే?

నిర్వాహకుడు: చాలావరకు బయోస్‌లో (మదర్‌బోర్డు అమరికల్లో) ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే డిస్క్ పద్ధతి ఆన్‌లో ఉండటం వల్ల. దాన్ని నేరుగా మామూలు పద్ధతి ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ నీలి తెర చూపి ఆగిపోతుంది. ముందు విండోస్‌లో ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ తెరిచి సేఫ్ బూట్ టిక్కు పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌లోకి వెళ్ళి మార్చాలి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్కు తీసేయాలి.

చీమకుర్తి సభ్యుని పూరణ (సవరించినది):

ఐదు ముప్ప దనుచు హడలించు గడియార
మొక్క లెక్క దిరుగ నొద్ది కగును
కాల మొకటె యైన కలహమ్ము లేకుండ
ఒక్క యొరను కత్తు లొదిగె రెండు

నిర్వాహకుడు: మొదట పంపినప్పుడు ‘ఐదున్నర’ అని ఎత్తుకున్నారు. అందులో మొదటి రెండూ గురువులే కాబట్టి సూర్యగణం కుదరలేదు, ఇప్పుడు సరిపోయింది. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయంగా, ఉబుంటు యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతాయి. అందుకే ఉబుంటు వాడి వచ్చాక విండోస్ ఐదున్నర గంటలు వెనక చూపిస్తుంది. ఉబుంటు టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ (timedatectl set-local-rtc 1) అంటే చాలు. దీనితో పాటు విండోస్ రిజిస్ట్రీని కూడా యూటీసీకి మార్చారంటే ఈసారి తేడా ఎదురు దిక్కున వస్తుంది.

చివరగా నా పూరణ:

హరిహరుల శరీర మైక్యమై యొప్పుచు
తిక్కనకును దోచు తీరు గాను
గ్రబ్బు పట్టికందు కనుపట్టు నిర్వురు
ఒక్క యొరను కత్తు లొదిగె రెండు

కావలి సభ్యురాలు: అన్నా, హరిహరనాథుడిలో ఇద్దరూ ఒకేసారి ఉంటారు. ఇక్కడ ఒకటి లేస్తే రెండోది పడుకునే ఉంటుంది. రెండూ ఒకేసారి నడవడం వర్చువల్ మెషీన్ సంగతి కదా?

నిర్వాహకుడు: నిజమేనమ్మా. గ్రబ్ అంటే ల్యాప్‌టాప్ లేవగానే ఏ సిస్టమ్ నడపాలో అడిగే పట్టిక. అందుకే ‘పట్టికందు’ అన్నాను, ఇద్దరూ కలిసి కనబడేది ఆ జాబితాలోనే. పట్టికలో విండోస్ కనబడకపోతే కంగారు పడొద్దు. గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్ (డిస్కులోని ఇతర సిస్టమ్‌లను వెతికేది) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఈటీసీ కింద ‘డీఫాల్ట్’లోని ‘గ్రబ్’ ఫైలులో (/etc/default/grub) ‘గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్’ వరుసకు ‘ఫాల్స్’ అని (GRUB_DISABLE_OS_PROBER=false) రాసి, ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ (sudo update-grub) కొట్టండి. ‘ఫౌండ్ విండోస్ బూట్ మేనేజర్’ అన్న వరుస కనబడ్డాకే రీస్టార్ట్ చేయండి.