ముగ్గురున్న రూములో ఏసీ ఎంతలో పెట్టాలి?

అడిగినవారు: మూడో_మంచం
అమీర్‌పేటలో పీజీ, ముగ్గురం ఒకే రూము. ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ. కిటికీ పక్క మంచం వాడిది రామగుండం. అక్కడి ఎండల్లో పెరిగినవాడు కదా అనుకుంటాం, వాడికే ఉక్కపోత ఎక్కువ. రాగానే 18 నొక్కుతాడు. నేను సరిగ్గా ఏసీ కింద. తెల్లారేసరికి గొంతు పట్టేస్తోంది, మెడ తిరగట్లేదు. లేచి 27 పెడతా, కాసేపటికి వాడు లేచి మళ్లీ 18. మధ్య మంచం అన్న ఏ మాటా అనడు, ముసుగుతన్ని పడుకుంటాడు. ఏసీకి సబ్‌మీటరు, బిల్లు ముగ్గురికీ సమానం. వణకడానికి కూడా నేనే డబ్బు కట్టాలంటే ఒళ్లు మండిపోతోంది.

ఏసీ_రిపేర్_వరంగల్
తమ్ముడూ, ముందు ఆ 18 సంగతి. మామూలు కంప్రెసర్ అయితే 18 పెట్టినా 25 పెట్టినా చల్లబడే వేగం ఒకటే. 18లో ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, అంతే. మే నెలలో చాలా రూములు 18కి చేరనే చేరవు. మీవాడికి కావాల్సింది ఒంటికి గాలి. ఏసీ 26లో పెట్టి సీలింగ్ ఫ్యాను రెండులో తిప్పండి. ఏసీ రెక్కని పైకి, అడ్డంగా ఉంచండి. చల్లగాలి సీలింగు వెంట పోయి దూరంగా దిగుతుంది, నీ మెడ మీద పడదు. ఇంతకీ ఫిల్టరు ఎప్పుడు కడిగారు? పీజీల్లో నేను బయటికి తీసేవి ఫిల్టర్లలా ఉండవు, బొంతల్లా ఉంటాయి.

నైట్‌షిఫ్ట్_అక్క
ఆ కిటికీ పడమర వైపా? అయితే అబ్బాయిది వేషం కాదు బాబూ. సాయంత్రం దాకా ఎండ తిన్న గోడ రాత్రి చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది. రిమోటులో అంకె ఒకటే అయినా వాడి ఒంటికి తగిలేది వేరు. మందపాటి కర్టెన్ వేసి, మీ ఇద్దరూ మంచాలు మార్చుకోండి.

మూడో_మంచం
పడమరే అక్కా! కర్టెన్ కూడా లేదు. మంచం మారమంటే ప్లగ్ పాయింటు ఇక్కడే ఉందంటాడు. మరి బిల్లు?

కూకట్‌పల్లి_లెక్కలు
ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనిపెట్టు, అదే చవక. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెప్తుంది. స్టార్ రేటింగున్న ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించాలని 2020 జనవరి నుంచి రూలు పెట్టిందీ అందుకే. మా రూములో ఒప్పందం: 25 కంటే తగ్గించినవాడు ఆ నెల బిల్లులో సగం కట్టాలి. 18 మాట మళ్లీ వినలేదు.

ఏసీ_రిపేర్_వరంగల్
రాత్రి స్లీప్ బటన్ కూడా నొక్కండి. చాలా మోడళ్లలో గంటకో డిగ్రీ చొప్పున కాస్త పెంచుతుంది. తెల్లవారుజామున ఒంట్లో వేడి తగ్గుతుంది, చలి బాగా తెలిసేది అప్పుడే. రిమోటు మీద 'ఫాలో మీ' లేదా 'ఐ ఫీల్' అని ఉందేమో చూడు. ఉంటే ఏసీ తన దగ్గరి వేడిని కాక రిమోటు ఉన్నచోటి వేడిని చూసుకుని నడుస్తుంది. మధ్య మంచం అన్న దగ్గర పెట్టండి. దుప్పటి కింద మాత్రం వద్దు, రిమోటు ఏసీకి ఎదురుగా ఉండాలి.