తుంటి మైగ్రేషన్ 45 శాతం, ఎముక కోసి ప్లేట్ వేస్తామంటున్నారు: చేయించినవాళ్లు చెప్పండి

చిన్నూ అమ్మ (రాజమండ్రి): బాబుకి ఆరేళ్లు, సీపీ (సెరిబ్రల్ పాల్సీ), లెవెల్ 5, అంటే అన్నిటికంటే తీవ్రమైనది. కుడి తుంటి మైగ్రేషన్, అంటే తొడ ఎముక బంతి తుంటి గిన్నె దాటి బయటికి జరిగిన శాతం, పోయినేడాది 28, ఇప్పుడు 45. తొడ ఎముక కోసి, కోణం మార్చి ప్లేట్ వేస్తారట. అవసరమైతే గిన్నె కూడా సరిచేస్తారట. వాడికి ఇప్పుడు నొప్పేమీ లేదు. ఎటూ నడవని పిల్లాడికి కోతలెందుకంటున్నారు మా అత్తగారు. ఎడమదీ ఒకేసారి చేయించాలా? కట్టుతో స్కూలుకి పంపొచ్చా?

గుంటూరు నాన్న: మా పాపకీ నొప్పి లేదమ్మా, మొదట్లో. ఏటా ఎక్స్‌రే తీయించమని మాకు ఒక్కరూ చెప్పలేదు. పన్నెండేళ్లకి తుంటి పూర్తిగా జారిపోయింది. డైపర్ మార్చబోతే కేకలు, రాత్రి పక్కకి తిప్పితే ఏడుపు. బంతిని మళ్లీ గిన్నెలో కూర్చోబెట్టడం కుదరదట, తలభాగం తీసేస్తామంటున్నారు. నడక కోసం కాదు ఈ ఆపరేషన్, కూర్చోవడానికి.

నాని మమ్మీ: ముందు బొటాక్స్ ఇంజెక్షన్ వేయించండి. మావాడికి తొడలు ఎంత వదులయ్యాయో! కోత తప్పింది.

ఫిజియో శ్రీను (వరంగల్): మేడమ్, దయచేసి ఇలాంటివి రాయకండి. రోజూ ఈ పిల్లలతోనే నా పని. బొటాక్స్‌తో బిగువు తగ్గుతుంది, జారడం ఆగదు. మైగ్రేషన్ 30 దాటితే కన్నేసి ఉంచాలి, 40 దాటితే సర్జన్ మాట వినాలి. లెవెల్ 5 పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి తుంటి పక్కకి జరుగుతుంది.

నాని మమ్మీ: మావాడిది జరగలేదు. మీరు చూశారా?

ఫిజియో శ్రీను: ఎక్స్‌రేలో ఎంతుంది?

నాని మమ్మీ: కాళ్లు చక్కగా విడుతుంటే ఎక్స్‌రే ఎందుకు?

ఫిజియో శ్రీను: నేను మొత్తుకునేది అదే! కాళ్లు విడినా లోపల జారుతూనే ఉండొచ్చు.

నాని మమ్మీ: మీరేమైనా డాక్టరా? సెషన్‌కింత అని లాగేవాళ్లు కూడా చెప్పేవాళ్లే.

పద్మక్క (హైదరాబాద్): ఇక ఆపండి ఇద్దరూ. చిన్నూ అమ్మా, మావాడికి నడుం నుంచి పాదాల దాకా ఆరు వారాలు పిండికట్టు. చిన్న సైజు డైపర్ కట్టు లోపలికి దోపి, పైన పెద్దది వేయాలి. లేకపోతే అంచులు తడిసి కంపు కొడుతుంది, చర్మం పోతుంది. వీపు కింద రోజూ టార్చి వేసి చూడు. కొందరు సర్జన్లు కట్టు లేకుండానే చేస్తున్నారు, అడుగు. ఫిట్స్ మందులు వాడుతుంటే ఎముకలు పెళుసుగా ఉంటాయి, విటమిన్ డి ముందే చూపించు.

విజయవాడ డాడీ: మా పాపది స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం). రెండు తుంటులూ బయటే ఉన్నాయి, సర్జనే ముట్టుకోవద్దన్నారు. కాలిపర్లతో నడుస్తోంది. అందరికీ ఆపరేషనేంటండీ?

ఫిజియో శ్రీను: దానికీ దీనికీ ముడిపెట్టకండి సార్. స్పైనా బిఫిడాలో కండరాలు చచ్చుబడతాయి, నొప్పి తక్కువ. సీపీలో బిగుసుకుని లాగేస్తాయి.

నాని మమ్మీ: మళ్లీ మొదలు.

చిన్నూ అమ్మ: ఎడమదాని సంగతి ఎవరూ చెప్పలేదు.

పద్మక్క: మావాడికి రెండూ ఒకేసారే. ఒక్కటే చేస్తే నడుం ఒరిగిపోతుందనీ, తర్వాత రెండోది జారొచ్చనీ అన్నారు. రక్తం ముందే ఏర్పాటు చేసుకో. నిరామయ (ఇలాంటి పిల్లలకి కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా) కార్డు ఉందా? ఏడాదికి లక్ష దాకా వస్తుంది.

విజయవాడ డాడీ: నిరామయ స్పైనా బిఫిడాకి వర్తిస్తుందా?

గుంటూరు నాన్న: అందులో సీపీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నాయి. సర్టిఫికెట్‌లో ఏం రాశారో చూడండి. మాది రెన్యువల్ ఆగింది, ఎవరికైనా అయ్యిందా?