సివిల్ కానిస్టేబుల్‌కి ఈవెంట్స్ మార్కులే కలవనప్పుడు ఏడాది ముందు నుంచే గ్రౌండ్ ఎందుకు?

బిట్ల_బండి:
హైదరాబాద్‌లో సివిల్ కానిస్టేబుల్ కొట్టాలనుకునేవాళ్లు నోటిఫికేషన్ ఊసు లేనప్పటి నుంచే పొద్దున ఐదింటికి గ్రౌండ్‌కి పోతున్నారు, తొమ్మిదింటికి లైబ్రరీలో పుస్తకం మీద తల వాల్చేస్తున్నారు. ఇది దండగ అంటాను. ప్రిలిమ్స్‌లో 200 బిట్లు, క్వాలిఫై అయితే చాలు. ఈవెంట్స్, అంటే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలు కూడా సివిల్‌కి క్వాలిఫైయింగే. ఉద్యోగం ఇచ్చేది మెయిన్స్‌లో వచ్చే మార్కులు. 1600 మీటర్లు ఆరు నిమిషాల్లో కొట్టినవాడినీ 7 నిమిషాల 14 సెకన్లలో కొట్టినవాడినీ తెలంగాణ పోలీసు నియామక బోర్డు ఒక్కలాగే చూస్తుంది. ప్రిలిమ్స్ రాసి ఇంటికొచ్చాక షూ కడితే ఏం పోతుంది? 2022లో మధ్యలో మూడు నెలలకు పైనే దొరికింది. కాదనేవాళ్లు లెక్కతో చెప్పండి. "ఫిట్‌నెస్ ముఖ్యం బ్రో" అనే జవాబులు వద్దు.

నాలుగు_రౌండ్లు:
లెక్కతోనే చెప్తా అన్నా. 2022లో ఆగస్టు 28న ప్రిలిమ్స్, అక్టోబర్ 21న రిజల్ట్, డిసెంబర్ 8 నుంచి ఈవెంట్స్. పరీక్ష రాసిన మర్నాడే గ్రౌండ్‌కి పోయేటోళ్లు ఎంతమంది? "కీ చూద్దాం, కటాఫ్ చూద్దాం" అని ఆగేటోళ్లే ఎక్కువ. అప్పుడు కటాఫ్ కూడా మధ్యలో మారింది. ముందు అందరికీ 60 మార్కులన్నరు, తర్వాత ఓసీకి 60, బీసీకి 50, ఎస్సీ, ఎస్టీకి 40 చేసిన్రు. 50 దగ్గర ఊగుతున్న బీసీ పిల్లగాడు రిజల్ట్ దాకా షూ ముట్టడు. రిజల్ట్ చూసి మొదలుపెడితే చేతిలో ఉన్నయి 48 రోజులు.

48 రోజుల్లో ఊపిరి వస్తది, ఎముక రాదు. అసలు చిక్కు ఆడనే. గుండె, ఊపిరితిత్తులు ఆరు వారాల్లో బాగనే అలవాటు పడతయి. ముంగాలి ఎముకకు, కండను మడమకు కట్టేసే పట్టీలకు అంతకంటే ఎక్కువ టైం పడతది. ఊపిరి బాగుందని మూడో వారంలో రోజూ ఐదు కిలోమీటర్లు కొడ్తరు, అది కూడా సిమెంటు రోడ్డు మీద, అరిగిన షూతోని. ముంగాలి ఎముక లోపలి అంచు పట్టేస్తది. రెండు మూడు వారాలు పరుగు బంద్. 48లకెళ్లి 20 తీసేయ్, ఇంకేం మిగిలినట్టు?

ఇసుక_గుంత:
పరుగు గురించే మాట్లాడుకుంటున్నారు. మిగతా రెండిటి సంగతేంటి? 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. అంతకుముందు లాంగ్‌జంప్ 3.80, షాట్‌పుట్ 5.60 ఉండేవి. ఐదు ఈవెంట్స్‌ని మూడు చేశారని సంబరపడ్డారు గానీ ఆ మూడూ తప్పనిసరి. ఒకదాంట్లో పోతే ఇంకోదాంతో పూడ్చుకునే వీలే లేదు.

4 మీటర్లు చూడ్డానికి చిన్నదే. కానీ కొలిచేది కాలు ఎగిరిన చోటి నుంచి కాదు, గీత నుంచి. ఫౌల్ అవుతుందన్న భయంతో కొత్తవాళ్లు గీతకు జానెడు వెనకే ఎగురుతారు. అక్కడ 20 సెంటీమీటర్లు పోయాయి. ఇసుకలో పడేటప్పుడు చెయ్యి వెనక్కి ఆనిస్తే, గీతకు దగ్గరగా ఉన్న గుర్తే లెక్క కాబట్టి, ఇంకో 20 పోతాయి. అంటే 4 మీటర్లు క్వాలిఫై కావాలంటే ఒంట్లో 4.40 దూకే సత్తా ఉండాలి. ఛాన్సులు మూడే. మొదటిది ఫౌల్ అయితే రెండోసారి ఇంకా వెనక నుంచి ఎగిరి 3.85 దగ్గర ఆగిపోతారు.

దీనికి కండబలం కంటే అడుగుల లెక్క ముఖ్యం. గీత మీద నిలబడి వెనక్కి తిరిగి, దూకే వేగంతోనే పరిగెత్తండి. పదమూడో అడుగు ఎక్కడ పడిందో పక్కనున్నవాళ్లు గుర్తు పెట్టాలి. రోజూ పది పన్నెండు సార్లు ఇలా చేస్తే రెండు వారాల్లో ఆ గుర్తు ఓ చోట స్థిరపడుతుంది. అసలు రోజు ఆ దూరాన్ని పాదాలతో కొలుచుకుని అక్కడి నుంచి రావాలి. గీతను చూస్తూ పరిగెత్తితే చివరి నాలుగడుగులు పొట్టివైపోయి వేగమంతా గీత దగ్గరే చచ్చిపోతుంది. చూపు గుంత అవతలి అంచు మీద ఉండాలి. ఇది 48 రోజుల్లో రాదని అనను. పరుగు, చదువు, షాట్‌పుట్ అన్నీ ఆ రోజుల్లోనే పెట్టుకుంటే మాత్రం రాదు.

బిట్ల_బండి:
లాంగ్‌జంప్ విషయం ఒప్పుకుంటున్నాను. పరుగు దగ్గర మాత్రం భయపెడుతున్నారు. 7:15 అంటే 435 సెకన్లు, 400 మీటర్ల ట్రాక్‌లో రౌండుకి 108 సెకన్లు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇదేమన్నా కొండా?

నాలుగు_రౌండ్లు:
ఒంటరిగా ఉరికితే కొండ కాదు. గుంపులో ఉరికి చూడు. విజిల్ వేయంగనే అందరూ 100 మీటర్ల పోటీ లెక్క దూకుతరు. మొదటి రౌండు 85 సెకన్లలో కొట్టినోడు మూడో రౌండుల 130కి పడిపోతడు. ఇంకోటి, లోపలి లైన్ దొరకక రెండో లేన్ల ఉరికితే రౌండుకి దాదాపు ఏడున్నర మీటర్లు ఎక్కువ. నాలుగు రౌండ్లకు 30 మీటర్లు, అంటే 8 సెకన్లు. 7:10 టైమింగ్ ఉన్నోడు 7:18కి వస్తడు. కాలికి చిప్ కడ్తరు గాబట్టి "దగ్గరికొచ్చిన సార్" అంటే వినేటోడు ఉండడు.

ప్రాక్టీసుల 6:50 రావాలె, అప్పుడే ఆ రోజు నిమ్మళం. రౌండ్లు 105, 108, 109, 105 అట్ల పంచుకుంటే మొత్తం 7:07. మూడో రౌండు బరువైతదని ముందే తెలుసుకుని మొదటి రౌండుల దాచుకోవాలె. మలుపుల మీద ఓవర్‌టేక్ చెయ్యొద్దు, స్ట్రెయిట్ మీదనే దాటాలె.

నేను ఏడాదంతా రోజూ ఉరకమంటలేను. నోటిఫికేషన్ లేనప్పుడు వారానికి మూడు రోజులు, 40 నిమిషాలు చాలు. మట్టి మీద మెల్లగ 3 కిలోమీటర్లు. రెండు నెలలు అయినంక అందులో ఒక రోజు 400 మీటర్లు ఆరు సార్లు, ఒక్కోటి 105 సెకన్లల, నడుమ 90 సెకన్లు నడక. పదిహేను రోజులకొకసారి 1600 టైం పెట్టుకో. ఇంత చేస్తే చదువు ఏం ఖరాబైతది?

పరీక్ష_హాల్:
అన్నకు ఓ మాట అడ్డం. ప్రిలిమ్స్ "క్వాలిఫై అయితే చాలు" అని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ నష్టపోయేది. 2022 ప్రిలిమ్స్‌లో తప్పుకి 0.20 మార్కు కోత ఉంది. ఆ భయంతో 120 బిట్లు పెట్టి బయటికొచ్చినవాళ్లున్నారు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెట్టినా సగటున 0.25 వస్తుంది, 0.15 పోతుంది. 0.10 మిగులుతుంది. రెండు ఆప్షన్లు తప్పని తెలిసి మిగతా రెండిట్లో ఒకటి పెడితే బిట్టుకి 0.40 మిగులుతుంది. అలా 50 బిట్లు ఉంటే సగటున 20 మార్కులు. కటాఫ్ 50 దగ్గర ఊగేవాళ్లకు అదే గట్టు. కోత శాతం మారితే ఈ లెక్కా మారుతుంది. ప్రతి పరీక్షకూ నోటిఫికేషన్‌లో చూసి మళ్లీ వేసుకోండి.

చదువు టైం గురించి ఇంకోటి. ఈవెంట్స్ జనవరి మొదట్లో అయిపోయాయి, మెయిన్స్ 2023 ఏప్రిల్ 30న. మెరిట్ తేల్చే పరీక్షకు నాలుగు నెలలు దాదాపు ఖాళీగా దొరికాయి. కాబట్టి గ్రౌండ్ వల్ల చదువు పోతుందనే భయం మెయిన్స్‌కి వర్తించదు. ఆ నాలుగు నెలలు కాలు నొప్పితోనో, ఈవెంట్స్‌లో పోయి ఇంట్లోనో గడిచాయా అన్నదే ప్రశ్న.

ఎనిమిదొందలు:
అమ్మాయిల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్‌జంప్ 2.50, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. పరుగు తేలికే, రౌండుకి 160 సెకన్లు. వారానికి మూడు రోజులు వేగంగా నడిచి, మధ్యమధ్యలో పరిగెత్తినా నెలన్నరలో వస్తుంది. బిట్ల_బండి గారి వాదన అమ్మాయిల పరుగుకు కొంతవరకు నిలబడుతుంది.

షాట్‌పుట్‌కి నిలబడదు. గుండుని క్రికెట్ బంతిలా విసురుతారు, మోచెయ్యి పట్టేస్తుంది, పైగా అది ఫౌల్. మెడ పక్కన ఆనించి నెట్టాలి, చెయ్యి భుజం వెనక్కి పోకూడదు. గుండు అరచేతిలో కాదు, వేళ్ల మొదళ్ల మీద ఉండాలి. బలం మోకాళ్ల నుంచి రావాలి. వంగి లేస్తూ నడుము తిప్పాకే చెయ్యి చాచాలి. గుండు తల కంటే కాస్త ఎత్తు నుంచి వెళ్తుంది కాబట్టి 45 డిగ్రీలు అక్కర్లేదు, 38 డిగ్రీల దగ్గర దూరం బాగా వస్తుంది. మరీ పైకి ఎత్తేసి కాళ్ల ముందే పడేసుకునేవాళ్లే ఎక్కువ. మగవాళ్లకు కూడా ఇదే. మీ దగ్గరున్న గుండు తూకం వేసి చూసుకోండి. 5 కిలోలతో సాధన చేసి 7.26 చేతికొచ్చేసరికి మణికట్టు వెనక్కి విరిగినట్టవుతుంది.

ఇసుక_గుంత:
ఆమె చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఒకటి కలపండి. అసలు రోజు పరుగు అయ్యాకే దూకడం, గుండు నెట్టడం. అలసిన కాళ్లతో 4 మీటర్లు రావాలి. విడివిడిగా సాధన చేసేవాళ్లకు 4.30 వస్తుంది, 1600 కొట్టి అరగంట ఆగి దూకితే 4.05 దగ్గర ఆగుతుంది. పదిహేను రోజులకోసారి మూడూ ఆ వరుసలోనే చేసుకోవాలి.

టేపు_కొలత:
మీ చర్చ కంటే ముందు చూసుకోవాల్సింది ఎత్తు. మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 152.5. ఏజెన్సీ ప్రాంతాల ఎస్టీలకు 160, 150. పొద్దున లేవగానే మనిషి పొడవుగా ఉంటాడు, సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తని భాగం అణిగి సెంటీమీటరు దాకా తగ్గుతుంది. పరిగెత్తాక కొలిచే రోజు మీ పొద్దుటి కొలత పనికిరాదు. మధ్యాహ్నం, చెప్పులు లేకుండా, మడమలు గోడకు ఆనించి కొలిపించుకోండి. 168.5 వస్తే నిశ్చింత. 167.8 వస్తే ముందురోజు బాగా నిద్రపోండి, గంటల తరబడి నిలబడకండి. 167 వస్తే ఏ మందూ, ఏ వేలాడే వ్యాయామమూ ఎముకను పెంచదు. ఆ డబ్బుతో వేరే పరీక్ష ఫీజు కట్టండి.

బిట్ల_బండి:
సరే, నా మాట కొంత మార్చుకుంటున్నాను. వారానికి మూడు రోజులకు ఒప్పుకుంటాను, రోజూ రెండు గంటలకు ఒప్పుకోను. ఒక ప్రశ్న మిగిలింది. ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్), స్పెషల్ పోలీస్ లాంటి వాటిలో ఈవెంట్స్‌కి మార్కులుంటాయి కదా. సిటీలో ఉంటే చాలనుకునేవాళ్లు వాటికోసం ఇంకా గట్టిగా సాధన చేయాలా?

పరీక్ష_హాల్:
ఏఆర్ కావాలనుకుంటే చేయాలి, అక్కడ మీ 6 నిమిషాలకు విలువుంది. కానీ ప్రిఫరెన్స్ పెట్టేముందు పని తేడా తెలుసుకోండి. ఏఆర్ వాళ్లు ఖైదీల ఎస్కార్ట్, గార్డు, బందోబస్తు చూస్తారు. సివిల్ అంటే స్టేషన్, బ్లూకోల్ట్స్ గస్తీ బండి మీద తిరగడం, ఎమర్జెన్సీ కాల్స్, కోర్టు డ్యూటీ, సమన్లు. రెండూ సిటీలోనే ఉన్నా రెండూ వేరే ఉద్యోగాలు. సివిల్‌కి వెళ్లినా శిక్షణ 9 నెలలు, అందులో పొద్దున పరేడ్, పీటీ తప్పవు. 7:14తో గట్టెక్కి, నాలుగు నెలలు మంచం దిగకుండా చదివి చేరినవాళ్లకు మొదటి నెలలోనే కాళ్లు వాస్తాయి. మధ్యాహ్నం క్లాసులో బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్లు చెబుతుంటే నిద్ర ముంచుకొస్తుంది.

పాత_ఫైలు:
గ్రౌండ్, పుస్తకం రెండూ గెలిచి కాగితాల దగ్గర ఓడిపోయేవాళ్ల గురించి రెండు ముక్కలు. హైదరాబాద్‌లో ఐదేళ్లుగా గది తీసుకుని ఉన్నా, ఆధార్‌లో హైదరాబాద్ ఉన్నా లోకల్ అయిపోరు. 1 నుంచి 7వ తరగతిలోపు కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివారో అదే లెక్క. పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లవే. ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటే స్టడీ సర్టిఫికెట్ కోసం డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగాలి, దానికి వారాలు పడుతుంది. బీసీలకు కులం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. సంపన్న శ్రేణి కాదని చెప్పే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా, బోర్డు అడిగిన తేదీ తర్వాత తీసుకున్నదై ఉండాలి.

రెండోది, పాత కేసు. కాలేజీ గొడవో, బండి ప్రమాదమో ఏదైనా సరే, అటెస్టేషన్ ఫారంలో రాయండి. ఎస్‌బీ (స్పెషల్ బ్రాంచ్) ఎంక్వైరీలో ఎలాగూ బయటపడుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: చిన్న కేసును దాచితే అధికారులు క్షమించే వీలుంది, పెద్దదాన్ని దాచితే ఆ దాచడమే ఉద్యోగం తీసేయడానికి కారణమవుతుంది. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, ఆ కేసు స్వభావం చూస్తారు. కొట్టేసిన కేసైతే తీర్పు సర్టిఫైడ్ కాపీ ఇప్పుడే తీసి పెట్టుకోండి. కోర్టులో కాపీకి అప్లికేషన్ పెట్టినరోజే చేతికి రాదు.

నాలుగు_రౌండ్లు:
బిట్ల_బండి అన్నా, మూడు రోజులు అన్నవ్ కదా, సోమ, బుధ, శుక్ర పెట్టుకో. శనివారం లాంగ్‌జంప్ అడుగులు కొలువు, దానికి అరగంట చాలు, చెమట కూడా పట్టది.